టోక్యోలో నిబంధన మారితే కైకలూరు చెరువుకు కబురు ఎలా వస్తుంది?

మీరు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉంటారు. కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు మీకో, మీ బంధువులకో రొయ్యల చెరువు ఉండొచ్చు. లేదంటే లీజుకిచ్చిన నాలుగెకరాలు ఉండొచ్చు. 2025 ఏప్రిల్ 2న అమెరికా మన దేశ సరుకుపై 26 శాతం సుంకం ప్రకటించిన తర్వాతి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. సుంకం పూర్తిగా అమల్లోకి రాకముందే ఇక్కడ వనామీ రేటు పడిపోయింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాశారు. చాలామంది రైతులకు ఆ వార్త తెలిసింది టీవీలో కాదు, కొనుగోలు ఏజెంటు ఫోన్‌లో చెప్పిన కొత్త కౌంట్ రేటుతో.

అప్పుడు చెరువు గట్ల మీద వినిపించిన ప్రశ్న ఒకటే: ఆ దేశాల్లో మన ప్రభుత్వం తరఫున ఎవరూ లేరా? ఇలాంటివి ముందే కనిపెట్టి చెప్పేవాళ్లు ఉండరా?

ఉన్నారు. విదేశాల్లో బహిరంగంగా దొరికే సమాచారాన్ని సేకరించి ప్రభుత్వానికి పంపడమే పనిగా ఉన్న ఉద్యోగులు ఉన్నారు. వాళ్లెవరు, ఎవరు నియమిస్తారు, వాళ్లు పంపిన కబురు ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, మీరు నేరుగా ఎలా తెలుసుకోవచ్చు అన్నవి ఈ కథనంలో చూద్దాం.

ఇది గూఢచర్యం కాదా?

కాదు. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందంలోని 3వ అధికరణ రాయబార కార్యాలయాల పనులేమిటో చెబుతుంది. ఆతిథ్య దేశంలోని పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకుని సొంత ప్రభుత్వానికి నివేదించడం అందులో ఒకటి. వాణిజ్య సంబంధాలను పెంచడం మరొకటి. అంటే ప్రతి రాయబార కార్యాలయం సమాచారం సేకరిస్తుందని అందరికీ తెలుసు. అందుకు అందరి ఒప్పుదలా ఉంది.

రహస్య సమాచారం వేరే సంస్థల పని. ఇక్కడ మనం మాట్లాడుకునేది అక్కడి గెజిట్లు, ముసాయిదా నిబంధనలు, సరుకు తిరస్కరణల జాబితాలు, పార్లమెంటు చర్చలు, మార్కెట్ ధరలు, దిగుమతిదారులతో సమావేశాల గురించి. వీటిలో దాదాపు ఏదీ రహస్యం కాదు. అయితే అవి జపనీస్‌లోనో, ఫ్రెంచ్‌లోనో, వందల పేజీల చట్ట భాషలోనో ఉంటాయి. ఎవరో ఒకరు కూర్చుని చదివి, ఇది మన రొయ్యకు తగులుతుందా లేదా అని తేల్చాలి.

ఆ పని ఎవరు చేస్తారు?

విదేశాల్లో భారత్‌కు సుమారు 200 రాయబార, కాన్సులేట్ కార్యాలయాలు ఉన్నాయి. పెద్ద కార్యాలయాల్లో వాణిజ్య విభాగం ఉంటుంది. అందులో పనిచేసేవాళ్లు మూడు రకాలు.

• భారత్ నుంచి వెళ్లే అధికారులు: ఎక్కువమంది ఇండియన్ ఫారిన్ సర్వీస్‌కు చెందినవారు. కొన్ని పోస్టులను ఇతర సర్వీసుల అధికారులతో డిప్యుటేషన్ మీద భర్తీ చేస్తారు. సాధారణంగా మూడేళ్లు ఉంటారు.

• ప్రత్యేక విషయాల అధికారులు: బ్రసెల్స్‌లోని మన రాయబార కార్యాలయంలో వ్యవసాయ, సముద్ర ఉత్పత్తుల సలహాదారు పోస్టు ఉంది. యూరోపియన్ యూనియన్ నిబంధనలు తయారయ్యేది ఆ ఊళ్లోనే. రోమ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వ్యవహారాలకు వ్యవసాయ శాఖ తరఫున అధికారి ఉంటారు. జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ కోసం విడిగా ఒక శాశ్వత కార్యాలయమే ఉంది.

• స్థానికంగా తీసుకునే సిబ్బంది: మార్కెటింగ్ అసిస్టెంట్లు, అనువాదకులు వంటివారు. అధికారులు మూడేళ్లకోసారి మారిపోతారు. వీళ్లు ఉండిపోతారు. ఏ శాఖలో ఎవరిని అడగాలో, ఏ పత్రికలో ఏం వస్తుందో వీళ్లకే బాగా తెలుసు.

వీళ్లు కాక, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అంటే ఎంపెడా ఉంది. 1972లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. మన రొయ్యలకు పెద్ద మార్కెట్లయిన జపాన్, అమెరికాల కోసం అది టోక్యో, న్యూయార్క్‌లలో సొంత కార్యాలయాలు నెలకొల్పింది.

వినడానికి పెద్ద యంత్రాంగంలాగే ఉంటుంది. కానీ ఇండియన్ ఫారిన్ సర్వీస్ అధికారుల సంఖ్యే సుమారు 1,000. దేశం స్థాయికి ఈ బలం చాలదని 2023లో పార్లమెంటు విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం చెప్పింది. చిన్న రాయబార కార్యాలయంలో వీసాలు, ప్రవాసుల కష్టాలు, మంత్రుల పర్యటనలు, వాణిజ్యం అన్నీ ఇద్దరు ముగ్గురు అధికారుల మీదే పడతాయి.

కబురు ఏ దారిలో వస్తుంది?

ఒక దేశం రొయ్యల్లో ఏదో మందు అవశేషాల పరిమితిని తగ్గించాలనుకుందని అనుకుందాం. దారి సుమారుగా ఇలా ఉంటుంది.

1. ఆ దేశం ముసాయిదాను ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేస్తుంది. అత్యవసరమైతే తప్ప అభ్యంతరాలకు 60 రోజులు ఇవ్వడం పద్ధతి.

2. జెనీవాలోని మన కార్యాలయం, ఆ దేశంలోని మన వాణిజ్య విభాగం దాన్ని ఢిల్లీకి పంపుతాయి.

3. ఢిల్లీలో వాణిజ్య శాఖ దాన్ని సంబంధిత సంస్థలకు పంచుతుంది. ఆహార భద్రత అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అయితే ఎంపెడా, ధ్రువీకరణ అయితే ఎగుమతి తనిఖీ మండలి.

4. ఎంపెడా ఎగుమతిదారులకు సర్క్యులర్ ఇస్తుంది. అవసరమైతే ల్యాబ్ పరీక్షల పద్ధతి మారుస్తుంది.

5. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటుకు చెబుతాడు. ప్లాంటు ఏజెంటుకు చెబుతుంది. ఏజెంటు రైతుకు చెబుతాడు.

ముసాయిదాకు 60 రోజులు, ఆ తర్వాత నిబంధన అచ్చయ్యాక అమలుకు సాధారణంగా కనీసం ఆరు నెలలు. మొత్తం ఎనిమిది నెలలు. వనామీ పంట మూడు నాలుగు నెలలది. అంటే కబురు సకాలంలో చేరితే రైతుకు రెండు పంటల గడువు దొరుకుతుంది. చేరకపోతే పట్టుబడి రోజున తెలుస్తుంది.

మొదటి నాలుగు మెట్లలో జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగి ఉన్నాడు. ఐదో మెట్టులో సరుకు కొనేవాడు ఉన్నాడు. కబురును ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. అదే కబురు అతనికి బేరమాడే ఆయుధం కూడా. ఈ ఏర్పాటులోని అసలు లోపం ఇదే.

మూడు పాఠాలు

జపాన్, 2012: ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని ఏ రసాయనానికైనా 0.01 పీపీఎం మించకూడదన్న నియమం జపాన్‌లో 2006 నుంచే ఉంది. చేపపొడి పాడవకుండా మేతలో కలిపే ఎథాక్సీక్విన్ అనే పదార్థం కోసం 2012లో అక్కడ రొయ్యలను పరీక్షించడం మొదలుపెట్టారు. ముందు వియత్నాం, తర్వాత భారత్ సరుకు చిక్కుకుంది. రైతు చెరువులో ఏ మందూ చల్లలేదు. కొన్న మేతలోనే అది ఉంది. ప్రభుత్వాల స్థాయిలో మాటలు నడిచాక 2014లో జపాన్ ఆ పరిమితిని 0.2 పీపీఎంకు సడలించింది. నిబంధన ఉందని తెలియడం ఒకటి, అది మన మేత బస్తాకు ఎలా తగులుతుందో పోల్చుకోవడం మరొకటి. రెండోది రాయబార కార్యాలయంలో ఒక్కరు కూర్చుని చేయగలిగేది కాదు. మేత కంపెనీ, ల్యాబ్, మత్స్యశాఖ కలిస్తేనే అవుతుంది.

యూరప్, 2022: క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌కు కిలోకు 0.3 మైక్రోగ్రాములుగా ఉన్న చర్యా పరిమితిని యూరోపియన్ యూనియన్ 0.15కు తగ్గించింది. నైట్రోఫ్యూరాన్ల అవశేషాలకు 1 నుంచి 0.5కు తగ్గించింది. 2022 నవంబరు 28 నుంచి అమలైంది. కానీ ఆ చట్టం అచ్చయింది 2019 నవంబరులో. మూడేళ్లు అందరి కళ్ల ముందే ఉంది. 0.15 అంటే ఎంతో ఇలా ఊహించుకోండి: 500 మిల్లీగ్రాముల మాత్రంత మందు 3,300 టన్నుల రొయ్యల్లో సమంగా కలిస్తే వచ్చే మోతాదు అది. మన సాగు రొయ్యల లాట్లలో సగాన్ని సరిహద్దులో పరీక్షించాలని యూరప్ 2016లోనే నిర్ణయించింది కాబట్టి, తప్పించుకోవచ్చులే అనుకునే వీలు తక్కువ.

అమెరికా, 2025: ఇది వేరే రకం. ఏప్రిల్‌లో ప్రకటించిన సుంకం కొన్ని రోజులకే వాయిదా పడి 10 శాతం దగ్గర ఆగింది. ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అయింది. 2005 నుంచి ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, 2024లో వచ్చిన 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం వీటికి అదనం. రాజకీయ నిర్ణయాలకు 60 రోజుల గడువు ఉండదు. అధికారి ఎంత చురుగ్గా ఉన్నా ముందుగా చెప్పగలిగేది కొంతే. అయితే కౌంటర్‌వెయిలింగ్ సుంకం అలా ఊడిపడలేదు. అక్కడి రొయ్యల ప్రాసెసర్లు 2023 అక్టోబరులో పిటిషన్ వేశారు. ఏడాదిపాటు విచారణ బహిరంగంగా నడిచింది.

అవతలివాళ్లు మన గురించి ఏం సేకరిస్తారు?

ఇదే పనిని అమెరికా ఎలా చేస్తుందో చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి వ్యవసాయ శాఖకు ఫారిన్ అగ్రికల్చరల్ సర్వీస్ అనే సొంత విభాగం ఉంది. దానికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 100 కార్యాలయాలు ఉన్నాయి. భారత్‌లో ఢిల్లీ, ముంబైలలో ఉన్నాయి. అమెరికన్ అధికారులు, ఇక్కడే నియమించుకున్న భారతీయ నిపుణులు కలిసి మన పంటలు, నూనెగింజలు, ప్రభుత్వ విధానాల మీద నివేదికలు రాస్తారు. వాటిలో ఎక్కువభాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేస్తారు. అయోవాలోని సోయా రైతు, అమలాపురంలోని విద్యార్థి ఒకే నివేదికను ఉచితంగా చదవొచ్చు.

అలాగే ఇతర దేశాల వాణిజ్య అడ్డంకుల మీద అమెరికా ఏటా మార్చి 31 నాటికి ఒక బహిరంగ నివేదిక ఇస్తుంది. అందులో భారత్‌పై పెద్ద అధ్యాయమే ఉంటుంది. కౌంటర్‌వెయిలింగ్ విచారణలోనూ మన ప్రభుత్వ పథకాలను, రాయితీలను వాళ్లు పరిశీలించారు. మనం రైతుకు ఇచ్చే రాయితీ అక్కడ సాక్ష్యం కావచ్చన్నమాట.

మన వాణిజ్య విభాగాలూ నివేదికలు రాస్తాయి. కానీ వాటిలో చాలావరకు ఢిల్లీ ఫైళ్లలోకి వెళ్తాయి. తెలుగులో, రైతుకు అర్థమయ్యేలా క్రమం తప్పకుండా విడుదల చేసే బాధ్యత ఫలానా వాళ్లదని ఎక్కడా కనిపించదు.

రొయ్యలకేనా ఇది?

కాదు. తాడేపల్లిగూడెం దాటి ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం వైపు మెట్టలోకి వెళ్తే పామాయిల్ తోటలు కనిపిస్తాయి. గెలల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది. ఆ ధరను నడిపించేవి మలేషియా, ఇండోనేషియా. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి, మే 23న మళ్లీ తెరిచింది. మలేషియా పామాయిల్ బోర్డు ప్రతినెలా పదో తేదీ ప్రాంతంలో నిల్వల లెక్కలు బయటపెడుతుంది. అవన్నీ బహిరంగమే.

అయితే ఇక్కడ మెలిక ఉంది. ఆ దేశాల్లో ధర పెరిగితే మన ప్రభుత్వం వంటనూనె వినియోగదారుడి వైపు కూడా చూడాలి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్‌పై మొత్తం దిగుమతి సుంకం 27.5 శాతానికి పెంచారు. 2025 మే చివరిలో 16.5 శాతానికి తగ్గించారు. పెంచితే గెల రైతుకు మేలు, తగ్గిస్తే పట్టణంలో నూనె ప్యాకెట్ కొనేవారికి ఊరట. సమాచారం ఒక్కటే అయినా, అది ఎవరి కోసం వాడారన్నది వేరే విషయం.

మీ ఫోన్‌లో మీరు చేయగలిగినవి

• ఈపింగ్: ప్రపంచ వాణిజ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం కలిసి 2016లో తెచ్చిన ఉచిత సేవ. ఈమెయిల్‌తో నమోదై, సరుకు కోడ్, దేశాలు ఎంచుకోండి. శీతలీకరించిన రొయ్యలకు 030617, పామాయిల్‌కు 1511, చేతిముడి తివాచీలకు 5701. ఆ దేశం కొత్త నిబంధన ప్రతిపాదించగానే మీకు మెయిల్ వస్తుంది. ఢిల్లీకి తెలిసే సమాచారమే ఇది.

• యూరప్ ఆహార హెచ్చరికల పోర్టల్: రాస్ఫ్ అనే ఈ వ్యవస్థ 1979 నుంచి ఉంది. మూల దేశం దగ్గర ఇండియా, ఉత్పత్తి దగ్గర క్రస్టేషియన్లు అని ఎంచుకుంటే ఏ మందు వల్ల ఏ సరుకు ఆగిందో కనిపిస్తుంది.

• అమెరికా ఎఫ్‌డీఏ తిరస్కరణల జాబితా: తిప్పి పంపిన సరుకు వివరాలు నెలనెలా ఉంటాయి. ఒకే కారణం పదేపదే కనిపిస్తే ఇక్కడ తనిఖీలు పెరగబోతున్నాయని గ్రహించండి.

• ఇండియన్ ట్రేడ్ పోర్టల్: 2014లో మొదలైంది. ఏ దేశంలో మీ సరుకుపై ఎంత సుంకం ఉందో కోడ్ కొట్టి చూడొచ్చు. సుంకాలు మారుతుంటాయి కాబట్టి బేరమాడే రోజున చూసిందే లెక్క.

• ట్రేడ్ కనెక్ట్: 2024 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన వేదిక. 180కి పైగా దౌత్య కార్యాలయ అధికారులను ఎగుమతిదారులతో కలుపుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘానికి ఎగుమతి కోడ్ ఉంటే నేరుగా ప్రశ్న పంపొచ్చు.

• పట్టుబడికి ముందు పరీక్ష: భీమవరంలో ఎంపెడా నాణ్యత ల్యాబ్ ఉంది. యూరప్‌కు వెళ్లే సాగు రొయ్యలకు పట్టుబడికి ముందే పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. యూరప్‌లో 2026 సెప్టెంబరు 3 నుంచి వర్తించేలా మరో చట్టం ఉంది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడిన, లేదా మనుషులకే కేటాయించిన మందులు వాడిన జంతువుల ఉత్పత్తులను అది అడ్డుకుంటుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. చెరువు లైసెన్సు లేకపోతే ఈ సమాచారం అక్కరకు రాదు. కొల్లేరు అభయారణ్యం 5వ కాంటూరు లోపల సాగుకు అనుమతి లేదు. సరుకు ఏ చెరువుదో చూపించమని కొనే దేశాలు అడుగుతున్న కాలమిది.

ప్రభుత్వాన్ని అడగొచ్చా?

అడగొచ్చు. సమాచార హక్కు చట్టం విదేశాల్లోని మన కార్యాలయాలకూ వర్తిస్తుంది. కేంద్రం ఆర్‌టీఐ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. విదేశీ సంబంధాలకు, వ్యాపార రహస్యాలకు భంగమనుకుంటే సెక్షన్ 8 కింద నిరాకరించవచ్చు. అందుకే ప్రశ్న సూటిగా ఉండాలి. ‘అమెరికా ఏమనుకుంటోంది’ అని కాకుండా, ‘ఫలానా నోటిఫికేషన్ మీకు ఏ తేదీన అందింది, రాష్ట్ర మత్స్యశాఖకు ఏ తేదీన పంపారు, ఏ భాషలో పంపారు’ అని అడగండి. తేదీలు రహస్యం కావు. ఆలస్యం ఎక్కడ జరిగిందో అవే చెబుతాయి.

ఈ ఉద్యోగాలు మన పిల్లలకు వస్తాయా?

ఇండియన్ ఫారిన్ సర్వీస్, ఇండియన్ ట్రేడ్ సర్వీస్ రెండింటికీ దారి యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే. ఫారిన్ సర్వీస్‌లో చేరినవారికి ఒక విదేశీ భాష తప్పనిసరి. ఫిషరీస్ సైన్స్ చదివినవారికి ఎంపెడాలో సాంకేతిక పోస్టులుంటాయి. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి మరో మార్గముంది. అక్కడి మన కార్యాలయాలు స్థానిక ఉద్యోగాల ప్రకటనలను తమ వెబ్‌సైట్లలోనే పెడతాయి. ఆ దేశంలో పనిచేసే అనుమతి ఉంటే చాలావాటికి దరఖాస్తు చేయొచ్చు.

2024-25లో దేశం నుంచి 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. వాటి విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో మూడింట రెండొంతులకు పైగా రొయ్యలదే. ఆ రొయ్యల్లో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా. అంత సరుకు పండించే రైతుకు టోక్యో, బ్రసెల్స్ కబురు తెలుగులో, పంట మొదలయ్యేలోపు చేరాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. అది ప్రభుత్వం చేసేలోపు మీ ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఈపింగ్ నమోదు చేసి, 030617 అని కొట్టండి. వచ్చే మెయిల్‌ను చెరువు గట్టు మీది వాట్సాప్ గ్రూపులో తెలుగులో రెండు ముక్కలు రాసి పెట్టండి. ఐదో మెట్టు దగ్గర ఇప్పుడు లేని మనిషి మీరే అవుతారు.